పేరులేని పొడుగు వడ్లు

లీలాకుమారి కాపురానికొచ్చి ఎనభై మూడు రోజులైంది. లెక్క ఎవరూ అడగలేదు, తనే పెట్టుకుంది. గోడ క్యాలెండరులో రోజుకో చుక్క పెడుతూ వస్తోంది. మంచి రోజైతే చుక్క చుట్టూ రేకులు గీసి పువ్వు చేస్తుంది. 1988 నవంబరు పేజీలో చుక్కలకంటే పువ్వులే ఎక్కువ.

కృష్ణానగర్‌లో వాళ్లది ఒక గది, ఒక వంటిల్లు, రెంటికీ కలిపి ఒకటిన్నర కిటికీ. వంటింటి కిటికీని ఎవరో ఎప్పుడో సగం దాకా ఇటుకలతో మూసేశారు. మిగిలిన సగంలోంచి వెనకింటి డాబా కనిపిస్తుంది. పొద్దున్నే ఆ డాబా మీద ఒకాయన విలన్ నవ్వు సాధన చేస్తాడు. మొదటిరోజు లీల అదిరిపడి చేతిలో గిన్నె వదిలేసింది. ఇప్పుడు ఆ నవ్వు వినబడితే పాలు పొయ్యి మీద పెట్టే వేళయిందని గుర్తు. మొన్న ఆయనకి జలుబు చేసి నవ్వకపోతే ఈ ఇంట్లో కాఫీ ఆలస్యమైంది.

భర్త సత్యనారాయణమూర్తి సినిమా సెట్లు వేసే కళాదర్శకుడు వీరరాఘవయ్యగారి దగ్గర అసిస్టెంటు. ఎంత తోముకున్నా అతని గోళ్ల సందుల్లో ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. సాయంత్రం అతను ఇంటికి రాగానే లీల చెయ్యి లాక్కుని గోళ్లు చూసి, "ఇటుకరంగు. ఇవాళ పోలీస్ స్టేషను కట్టారు" అనేది. నీలం కనబడితే పాట. రాజమండ్రిలో సైన్‌బోర్డులు రాసే తండ్రికి పుట్టినవాడు కాబట్టి అతనికి రంగంటే తెలుసు, కర్రంటే తెలుసు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే మరీ తెలుసు. తణుకు దగ్గర పల్లెటూళ్లో పుట్టి, బాపట్లలో వ్యవసాయం బీయస్సీ చదివిన లీలకి మాత్రం మొక్కలు తెలుసు. పెళ్లిచూపుల్లో అతను "మీకేం ఇష్టం?" అని అడిగితే తడుముకోకుండా "వరి" అంది. అతను అన్నం అనుకుని, "నాకూ ఇష్టమే" అన్నాడు. సంబంధం అక్కడే కుదిరింది.

ఇంటి యజమానురాలు బుచ్చమ్మ. వెనకవైపు రేకుల కొట్టంలో ఆమెకొక బర్రె. దానికి నెలకోసారి షేక్‌పేటనుంచి ఆమె అన్న పోచయ్య ఎడ్లబండి మీద వరిగడ్డి పంపిస్తాడు. బండి వచ్చిన రోజున లీల పనులన్నీ వదిలేసి గడ్డి దించడానికి వెళ్లేది. ఆ వాసనకి ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఓసారి ఒక పరకని నేలమీద నిలబెట్టి, పక్కన తను నిలబడి చూసింది. పరక చెవి దాటింది.

"ఏందమ్మా, గడ్డితోని కొలుసుకుంటున్నవ్?" అంది బుచ్చమ్మ.

"ఎంత పొడుగుందో చూడండి పిన్నిగారూ!"

"పొడుగు లేకుంటె నా బర్రె మూతి గూడ వెట్టదు. దానికి శాన నకరాలు. పొట్టిగడ్డి ఏస్తే నా దిక్కు జూసి తల తిప్పుకుంటది."

లీల ఆ రోజు క్యాలెండరులో పువ్వు గీసింది.

ఇంతకీ ఆ నవంబరులో మూర్తి జీవితంలో పెద్ద సంగతొకటి నడుస్తోంది. నాలుగేళ్లుగా పనిచేస్తున్నా అతని పేరు ఏ సినిమాలోనూ తెరమీద పడలేదు. వీరరాఘవయ్యగారు జూలైలో అతన్ని పిలిచి, "మూర్తీ, వరిచేను సెట్టు నీకొదిలేస్తున్నాను. మొదటినుంచి చివరిదాకా నువ్వే. షాటు బాగొస్తే నీ పేరు టైటిల్స్‌లో వేయిస్తా. రాకపోతే ఇంకో నాలుగేళ్లు గోడలకి సున్నం కొట్టుకో" అన్నారు. ఆ మాట మూర్తి పెళ్లికిముందు రాసిన ఉత్తరంలో ఒకసారి, పెళ్లయ్యాక కనీసం ఇరవైసార్లు చెప్పాడు. ప్రతిసారీ లీల మొదటిసారి విన్నట్టే విన్నది. తెరమీద ఆయన పేరు! తణుకులో అమ్మ, పెద్దమ్మ, పక్కింటివాళ్లు, అందరూ బెంచీ టిక్కెట్టు కొనుక్కుని చూడొచ్చు.

ఫిల్మ్‌నగర్ బండలు దిగి షేక్‌పేట వైపు వెళ్తే పల్లంలో కౌలుకి తీసుకున్న ఎకరం మడి ఉంది. మూర్తి జూలైలో అక్కడ నాట్లు వేయించాడు. కొత్తపెళ్లాన్ని ఒక్కసారైనా ఆ చేను దగ్గరికి తీసుకువెళ్లలేదు. పూర్తిగా పండాక చూపించాలని పట్టుదల. షూటింగు గురువారం. ముందు శుక్రవారం సాయంత్రం స్కూటరు మీద తీసుకెళ్లాడు. గతుకుల దారంతా లీల అతని నడుము పట్టుకుని, గతుకు లేనిచోట కూడా వదల్లేదు.

చేను చూడగానే ఆమె చెప్పులు గట్టునే విడిచి మడిలోకి దిగింది.

"ఎలా ఉంది?" అన్నాడు మూర్తి. చేతులు రెండూ నడుముకి ఆనించి నిలబడ్డాడు, సొంత పొలం ఉన్న మోతుబరిలాగ.

"ఎంత బావుందండీ! దుబ్బు చూడండి, ఇరవై పిలకలకి తక్కువ లేదు. ఒక్క తాలుగింజ లేదు. ఏం రకం వేశారు?"

"విత్తనాల షాపులో మంచిది ఇమ్మన్నాను. చీడ పట్టనిది, గాలికి పడనిది. షాపతను మెచ్చుకున్నాడు, తెలివైన రైతువి అని."

లీల ముసిముసిగా నవ్వుతూ కంకులు చేత్తో నిమిరింది. "ఇంతకీ సినిమా ఏ కాలంలో జరుగుతుంది?"

"నలభై రెండులో. స్వాతంత్ర్య పోరాటం. హీరోయిను రహస్య ఉత్తరాలు పట్టుకుని పారిపోతుంటే పోలీసులు తరుముతారు. అప్పుడు ఈ చేలో దిగి మాయమైపోతుంది. పోలీసులు గట్టుమీద నిలబడి నాలుగుదిక్కులా చూస్తారు. ఒక్క ఆకు కదలదు. తర్వాత గాలి లేస్తుంది. చేనంతా సముద్రంలా ఊగుతుంది. ఆ షాటు కోసమే దర్శకుడు ఈ సినిమా తీస్తున్నాడంటారు."

లీల నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామంటే ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"ఏంటే?"

"ఈ వరి నలభై రెండుకి పుట్టలేదండీ! మా అమ్మానాన్నలకి పెళ్లయ్యాక పుట్టింది. అంతకుముందు వరంటే మనిషెత్తు ఉండేది. ఎరువు ఎక్కువేస్తే బరువుకి పడిపోయేది. అందుకని తైవాన్ నుంచి ఒక పొట్టి రకం తెచ్చి పొడుగువాటితో సంకరం చేశారు. అరవై ఆరు, అరవై ఏడు నుంచి మన దగ్గర ఊరూరా అవే. ఇప్పుడు ఏ పొట్టి వరి వంశం తవ్వినా దాదాపు ఆ ఒక్క ముత్తాతే బయటపడతాడు. పేర్లే వేరు, పొట్టితనం అందరికీ ఆయనిచ్చిందే..."

అప్పుడు అతని మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఎవరికి తెలుస్తుందిలే," అన్నాడు మూర్తి నెమ్మదిగా. "సినిమా చూసేవాళ్లందరూ బీయస్సీలు కాదుగా."

లీల మడి మధ్యకి నడిచి నిలబడింది. కంకులు ఆమె నడుము దగ్గర ఆగాయి. "హీరోయినుగారు నాకంటే పొట్టా?"

"రెండంగుళాలు పొడుగు."

"మరి ఎక్కడ దాక్కుంటారు?"

"వంగుతుంది."

లీల వంగింది. గట్టుమీంచి చూస్తే, పండిన చేలో ఎర్ర వాయిలు చీర కట్టిన వీపొకటి, మేతకొచ్చిన జీవంలాగ స్పష్టంగా కనబడుతోంది. ఆ పోలీసులు గుడ్డివాళ్లయితే తప్ప షాటు లేదు.

మూర్తి గట్టుమీద కూలబడ్డాడు. నాలుగు నెలలుగా వారానికోసారి ఈ చేను చుట్టూ తిరిగాడు. ఎదిగే పంట కదా, ఇంకా ఎదుగుతుందిలే అనుకున్నాడట. లీల పక్కన కూర్చుని అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. గోళ్లలో ఇవాళ ఏ రంగూ లేదు.

ఇంటికొచ్చాక అతను అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. "ఇంకో నాలుగేళ్లు సున్నం," అన్నాడు. లీల వంటింట్లోకి వెళ్లి మజ్జిగ తెస్తుంటే, సగం కిటికీ కింద బర్రె కొట్టంలో గడ్డి పరపరమని నమిలే చప్పుడు వినబడింది. ఆ బర్రె ఒక పరకని ఇటొక చివర, అటొక చివర వేలాడేలా నోట్లో పెట్టుకుని తీరిగ్గా నములుతోంది. మీసాలున్న జమీందారులాగ ఉంది.

లీల మజ్జిగ చెంబు అక్కడే పెట్టేసి పరిగెత్తింది.

"పిన్నిగారూ! మీ అన్నయ్యగారు ఈ గడ్డి ఎక్కడ కొంటారు?"

"కొనుడేంది? పండిస్తడు."

"ఎక్కడ?"

"గీడనే, షేక్‌పేటల. మా నాయిన నాటి వడ్లు. మా అన్న ఇంక ఇడిశిపెట్టలే. ఏమాయె, గట్ల ఎగురుతున్నవ్? నెల తప్పినవా ఏంది?"

"అంతకంటే మంచి సంగతి!" అంది లీల. తర్వాత చాలా రోజులు బుచ్చమ్మ ఆ మాట ఇంటింటికీ చెప్పి నవ్వించింది.

పోచయ్య అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మర్నాడు పొద్దున్నే వాళ్లిద్దరూ వెళ్లేసరికి ఇంటి అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. సంగతంతా విని, అద్దంలోంచే మూర్తిని ఎగాదిగా చూశాడు.

"పొట్టి వడ్లల్ల పోరిని దాసెటందుకు వొయినవా?" అన్నాడు. "మా చెల్లె బర్రెకు దెలుసు గదయ్యా, యే వడ్లు పొడుగో."

మూర్తి తల వంచుకున్నాడు. లీల గబుక్కున, "ఆయన రాజమండ్రివారండీ" అంది, అదేదో వైద్యులు చెప్పిన కారణంలాగ.

పోచయ్యకి మొత్తం రెండున్నర ఎకరాలు. రెండెకరాల్లో పొట్టి రకాలే. చెరువు కింద అరెకరంలో మాత్రం ఆ పొడుగు వడ్లు. "నేను పిచ్చోన్ని గాదు బిడ్డా. అమ్మెటందుకు అవి. తినెటందుకు, గొడ్లకు ఇవి. ఇది ఎరువెయ్యకున్నా పండుతది, నీళ్లు ఎక్కువైనా ఊకుంటది. అరెకరానికి ఏడెనిమిది బస్తాలు, అంతే."

"దీని పేరేంటండీ?"

పోచయ్య కత్తి ఆపి ఆలోచించాడు. "పేరేంది? వడ్లు." మళ్లీ గీసుకుంటూ, "మా నాయిన వడ్లని మా తమ్ముడంటడు. మా తమ్ముని కొడుకు తాత వడ్లంటడు."

చేను చూడగానే మూర్తి లీలని దాని పక్కన నిలబెట్టి చూశాడు. కంకులు లీల భుజాల దగ్గరున్నాయి. ఆమె నాలుగడుగులు లోపలికి వేసి కొంచెం మోకాళ్లు వంచింది, అంతే. మనిషి లేదు.

"లీలా?"

ఎక్కడో కిసుక్కుమన్న నవ్వు. ఏ దిక్కునో తెలియలేదు.

"లీలా! బయటికి రా!" అన్నాడు మూర్తి. ఆ గొంతులో నిన్నటినుంచీ లేని ప్రాణం ఇప్పుడు తిరిగొచ్చింది.

పోచయ్య ఒప్పుకున్నాడు. షరతులు రెండే. చెప్పులతో ఒక్కడు దిగొద్దు, హీరో అయినా సరే. కోతకి ముందు విత్తనం కంకులు తను ఏరుకుంటాడు, అది అయ్యేదాకా చేను కోయొద్దు. "శుక్రారం ఏరుకుంట. మీ ఆట బేస్తారమేనాయె. జర పైలంగ ఆడుకోండ్రి."

మంగళవారం వీరరాఘవయ్యగారు వచ్చి చూశారు. జరిగింది మూర్తి దాచకుండా చెప్పేశాడు. ఆయన పొట్టివరి సంగతి విని మూర్తికేసి ఒకసారి, లీలకేసి రెండుసార్లు చూసి, "ఎత్తు అద్భుతంగా ఉంది" అన్నారు. తర్వాత కళ్లు చికిలించి, "కానీ ఇదేంట్రా, గళ్ల లుంగీలాగుంది? అక్కడ నలుపు, ఇక్కడ ఎరుపు, ఒకటి పొడుగు, ఒకటి కురచ. కెమెరాకి సమానంగా దువ్వినట్టుండాలి" అని వెళ్లిపోయారు.

నిజమే. ఎక్కువ దుబ్బులు బంగారురంగు కంకులవే. మధ్యమధ్య నల్లటి పొట్టున్నవి, మట్టిరంగువి, గింజ చివర మీసాలున్నవి, జానెడు కురచగా బిరుసుగా నిలబడ్డవి. లీల మనసు గంతులేసింది. కాలేజీలో విత్తన క్షేత్రానికి తీసుకెళ్లి, ఒకే రకం చేలో వేరే రకంగా కనబడే మొక్కల్ని, వాటినే కేళీలంటారు, ఏరి పీకించేవారు. క్లాసులో అందరికంటే ఎక్కువ కేళీలు పట్టింది లీలే. మాస్టారు ఆమెని డేగకన్నని పిలిచేవారు. పెళ్లయ్యాక ఆ చదువు సాంబారులో కరివేపాకు గుర్తుపట్టడానికి తప్ప దేనికీ అక్కర్లేకపోయింది. ఇన్నాళ్లకి ఆయనకి తను సాయపడబోతోంది!

"ఇది నాకొదిలెయ్యండి," అంది.

బుధవారం పోచయ్య పొట్టి వడ్లు మార్కెట్టుకి వేసుకుపోయాడు. లీల కొంగు దోపుకుని దక్షిణపు గట్టు నుంచి మొదలుపెట్టింది. నల్లవి, మీసాలవి, కురచవి, ఒక్కటి కూడా వదలకుండా వేళ్లతోసహా పీకి మూర్తికి అందించింది. అతను కట్టలు కట్టి గట్టుమీద పేర్చాడు. పొద్దున్న తెచ్చుకున్న పులిహోర ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు. పొద్దుగుంకే వేళకి సగం చేను పూర్తయింది. ఆ సగం నిజంగానే దువ్విన జుట్టులాగ ఉంది. మిగతా సగం తెల్లారి చేసుకోవచ్చనుకున్నారు. ఇంటికెళ్లి లీల క్యాలెండరులో ఆ రోజుకి పెద్ద పువ్వు గీసి, దానికి రెండు ఆకులు కూడా తగిలించింది.

తెల్లారి వాళ్లొచ్చేసరికే యూనిట్ దిగిపోయింది. దర్శకుడు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టుమీద నడుస్తున్నాడు. హీరోయినుగారు వోణీ పావడాలో, ఉత్తి పాదాలతో, అడుగడుక్కీ "అమ్మో" అంటూ నవ్వుతున్నారు. దక్షిణపు సగం చూసి దర్శకుడి మొహం విప్పారింది. "వీరరాఘవయ్యగారూ, ఎవరండీ ఈ చేను చేసింది?"

"మా మూర్తి," అన్నారాయన. లీల గట్టు కింద నిలబడి ఆ రెండు మాటలూ చెవిలో దాచుకుంది.

"ఒకసారి గాలి చూద్దాం."

మనిషెత్తు ఫ్యాను. దాన్ని నలుగురు మోసుకొచ్చి గట్టుమీద పెట్టారు. జనరేటరు గర్జించింది. మొదట కంకులు మెల్లగా తలలూపాయి. తర్వాత చేనంతా అలలు అలలుగా కదిలింది. ఎవరో "ఆహా" అన్నారు. మూడో అలకి మాత్రం ముందు వరస ఒకటి వంగి, మళ్లీ లేవలేదు. అది వెళ్లి వెనక వరస మీద వాలింది. ఆ రెండూ కలిసి మూడోదాని మీద. చాప పరిచినట్టు, చూస్తుండగానే, దువ్విన సగమంతా నేలమీద పడుకుంది.

ఫ్యాను ఆపేశారు. 

"మూర్తీ," అన్నారు వీరరాఘవయ్యగారు. ఆ పిలుపు చాలా నెమ్మదిగా ఉంది. అందుకే లీలకి భయం వేసింది. మూర్తి కిందపడ్డ వరికేసి చూస్తూ నిలబడ్డాడు. పేరు రాసి ఆరకముందే తుడిచేసిన బోర్డులాగుంది అతని మొహం.

అప్పుడే పోచయ్య వచ్చాడు. పడిన చేను చూశాడు, నిలబడిన చేను చూశాడు. గట్టుమీది కట్టల దగ్గర ఆగి ఒకటి విప్పాడు.

"ఈ నల్లవి ఎవరు పీకిన్రు?"

లీల ముందుకొచ్చింది. "నేనేనండీ. కేళీలని... కాలేజీలో... చేను సమానంగా ఉండాలని..."

"సమానంగ ఉన్నది గద," అన్నాడు పోచయ్య నేలకేసి చూపిస్తూ. "మంచిగ సమానంగ పన్నది."

లైట్ల దగ్గర ఎవరో నవ్వబోయి దగ్గినట్టు చేశారు.

పోచయ్య ఒక నల్ల కాండాన్ని వేళ్లమధ్య పట్టి లీల చేతిలో పెట్టాడు. "వంచు." వంచింది. అది వంగి, వదలగానే టప్పున నిటారుగా లేచింది. బంగారురంగు దాన్ని ఇచ్చాడు. అది వంగి ఊరుకుంది. "ఈ నల్లవి, కురచవి, ఇవి చేనుకు గుంజలమ్మా. పొడుగుది ఒరిగితే దీని మీద ఒరుగుతది. మీసాలవి పిట్టలు ముట్టవు. ఎర్రవి నీళ్లు లేని ఏడు పండుతవి. అన్ని ఒక్కతీరుగ ఉండాలంటే అవ్వి నా రెండెకరాలల్ల ఉన్నయి గద, ఈడ గూడ ఎందుకు?"

లీలకి కాలేజీ గోడమీద వేలాడే వరి రకాల పటం గుర్తొచ్చింది. ఒక రకం, ఒక గడి. ఈ ముసలాయన గడులన్నీ ఒకే మడిలో కలిపి తండ్రి నాటినుంచీ పండించుకుంటున్నాడు. తనేమో పటం చూసి పొలం దిద్దింది. ఏడుపొచ్చేలా ఉంది. కానీ ఏడవడానికి ముందు ఆమె తల గిర్రున ఉత్తరానికి తిరిగింది.

"ఏమండీ! ఆ సగం!"

"ఏ సగం?"

"మనం పీకని సగం! ఫ్యాను అటు పెట్టించండి!"

మూర్తి పరుగెత్తుకెళ్లి దర్శకుడికి చెప్పాడు. ఆయన ఉత్తరం వైపు సగాన్ని చూసి మొహం ముడిచాడు. "మచ్చలున్నాయి కదయ్యా."

"ఒక్కసారి సార్. గాలికి నిలబడకపోతే నా పేరు అడగను."

లీల ఉలిక్కిపడి అతనికేసి చూసింది. ఆ పేరు కోసమే కదా ఇదంతా.

ఫ్యాను మోసేవాళ్లు విసుక్కుంటూ చెరువు గట్టుకి మార్చారు. జనరేటరు మళ్లీ లేచింది. మొదటి అల వెళ్లింది. రెండోది, మూడోది. లీల కళ్లు మూసుకుంది. ఒక పొడుగు కంకి గుబురు మీద ఒరిగిన చప్పుడు, సరసరమని చేనంతా ఊపిరి తీసిన చప్పుడు. కళ్లు తెరిచేసరికి చేను వంగుతోంది, లేస్తోంది. బంగారురంగు వాలినచోటల్లా కింద నల్లటివి, మట్టిరంగువి పైకి కనబడి, మళ్లీ మునుగుతున్నాయి.

కెమెరామన్ కన్ను తీయకుండానే చెయ్యెత్తాడు. "సార్, మచ్చలు కావవి. నీడలు. లోతు వచ్చింది. నిజంగా సముద్రం సార్."

దర్శకుడు వచ్చి తనూ కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత, "పోలీసుల్ని గట్టెక్కించండి" అన్నాడు.

హీరోయినుగారు పరుగెత్తుకొచ్చి చేలో దిగారు. రెండడుగులు, మూడడుగులు. లేరు. గట్టుమీద నలుగురు పోలీసులు నాలుగుదిక్కులా చూశారు. ఒక్క ఆకు కదల్లేదు. తర్వాత గాలి లేచింది.

ఒక్క టేకులో అయిపోయింది. బయటికొచ్చాక ఆవిడ జడనిండా వడ్లగింజలు. "దురద, దురద" అంటూనే నవ్వారు.

మధ్యాహ్నానికి యూనిట్ వెళ్లిపోయింది. పడిపోయిన సగంలో గింజ పండే ఉంది, నష్టమేం లేదు, కానీ నేలమీది పంట ఆగదని పోచయ్య శుక్రవారం దాకా ఉండలేదు. విత్తనానికి మంచి బంగారు కంకులు నాలుగు మోపులు ముందు ఏరుకుని, పోచయ్య కొడవలి తీసి కోత మొదలుపెట్టాడు. లీల, మూర్తి కూడా దిగారు. మూర్తి కోసినచోట దుబ్బులు మోకాలెత్తున మిగిలిపోతుంటే, "రాజమండ్రోడా, గడ్డి కోసం కదయ్యా ఇదంత, కిందికంట కొయ్యి!" అని పోచయ్య కేకలేశాడు. లీల తప్పుకి అతను విధించిన శిక్ష ఒక్కటే. నిన్న పీకిన కట్టలన్నీ విప్పి, నల్లవి ఒకపక్క, ఎర్రవి ఒకపక్క, మీసాలవి, కురచవి వేరువేరుగా కంకులు దూసి పెట్టమన్నాడు. సాయంత్రందాకా ఆమె అదే పని చేసింది. చివర్లో పోచయ్య ఒక్కోదాంట్లోంచి ఒక్కో దోసెడు తీసి, ఆమె అంత కష్టపడి వేరుచేసినవాటిని, బంగారురంగు గింజలతో కలిపి ఒకే గుమ్మిలో పోసి గరగరా కలిపేశాడు.

"అయ్యో!" అంది లీల.

"ఎంతెంత ఉన్నయో జూడాలె గద. లేకుంటె వచ్చే ఏడు ఒకటి ఎక్కువైతది, ఒకటి మాయమైతది." ఆ కలిపిన గింజల్లోంచే ఒక దోసెడు ఆమె కొంగులో పోశాడు. "ఉంచుకో. నీకు ఎక్కడన్న రెండు గుంటలు దొరికితే ఏసుకో. పీకకు మళ్ల."

ఇంటికొచ్చి ఆమె వాటిని ఖాళీ అయిన కాటుక డబ్బాలు, గాజుల పెట్టె, అన్నీ చూసి చివరికి ఒక హార్లిక్స్ సీసాలో పోసింది. కాగితం ముక్క అంటించి, రకం పేరు రాద్దామని పెన్ను పట్టుకుంది. కాసేపు ఆలోచించి, "పోచయ్యగారి వడ్లు. అన్నీ" అని రాసింది. పొద్దున విలన్ నవ్వు వినబడినప్పుడు ఆ సీసా మీద ఎండ పడుతోంది. పాలు పొంగిపోయాయి.

సినిమా వేసవిలో వచ్చింది. పోచయ్యని రమ్మంటే, "నా చేను నేను రోజూ జూస్తున్న గద" అన్నాడు. బుచ్చమ్మ మాత్రం పట్టుచీర కట్టుకుని వచ్చి, మధ్య సీట్లో కూర్చుంది. టైటిల్స్‌లో కళా విభాగం సహాయకులని పదకొండు పేర్లు ఒకేసారి పడ్డాయి. అందులో ఏడోది మూర్తిది. లీల చదివేలోపలే వెళ్లిపోయింది, కానీ చదివింది. చీకట్లో అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఏది? ఏడున్నది?" అంది చదువురాని బుచ్చమ్మ.

"అయిపోయింది పిన్నిగారూ."

"గింతేనా! దీనికే గంత ఆగమైతిరా?"

చేను వచ్చేసరికి హాలంతా చడీచప్పుడు లేదు. హీరోయిను పరుగెత్తింది, దిగింది, మాయమైంది. గట్టు చివర, తెర అంచున, చాపలా పడుకున్న సగం చేను ఒక్క క్షణం కనబడి పోయింది. అది చూసినవాళ్లు ఆ హాల్లో ఇద్దరే. లీల, మూర్తి ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకున్నారు. తర్వాత గాలి లేచి తెరంతా ఊగింది. ఎవరో ఈల వేశారు. బుచ్చమ్మ సీట్లోంచి సగం లేచింది.

"మా అన్న చేనది!" అని నాలుగు వరసలకి వినబడేలా అంది. "గడ్డి జూడుండ్రి, గడ్డి! ఎంత పొడుగున్నదో! ఆ పోలీసోళ్లు జర పక్కకు జరిగితె మంచిగ కనవడతది."